పార్కిన్సన్స్‌కి జీన్ టెస్ట్: 30ల్లో వచ్చినవాళ్లకా, 60 దాటినవాళ్లకా, పిల్లలకా?

ఇంట్లో ఒకరికి పార్కిన్సన్స్ (వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం, కదలికలు మందగించడం కనిపించే మెదడు జబ్బు) అని తేలగానే మొదలయ్యే టెన్షన్, పిల్లలకూ వస్తుందా అని. వెంటనే పిల్లలకు జీన్ టెస్ట్ చేయిద్దామంటారు. నన్నడిగితే ముందు చేయాల్సింది జబ్బు ఉన్న మనిషికి, అదీ జబ్బు ఏ వయసులో మొదలైందో చూసుకుని.

ఈ జబ్బు ఎక్కువమందిలో 60 ఏళ్ల ప్రాంతంలో బయటపడుతుంది. 40 లోపే వచ్చిందంటే మాత్రం టెస్ట్ చేయించడమే మేలు, ఎందుకంటే ఒకే ఒక్క జన్యువు పాడవడం వల్ల వచ్చే అవకాశం ఈ వయసులోనే ఎక్కువ. ముందు అనుమానించాల్సింది 1998లో జపాన్ పరిశోధకులు కనిపెట్టిన పార్కిన్ జన్యువుని. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు కాపీలూ పాడైతేనే ఇది జబ్బుగా మారుతుంది కాబట్టి కన్నవాళ్లిద్దరూ శుభ్రంగా ఉండొచ్చు, "మా వంశంలో ఎవరికీ లేదే" అన్న మాట ఇక్కడ చెల్లదు. వీళ్లలో కొందరికి వణుకు కన్నా ముందు నడుస్తుంటే పాదం లోపలికి మెలితిరుగుతుంది, నిద్ర లేచాక కాసేపు బాగానే ఉండి పొద్దెక్కేకొద్దీ ఒళ్లు బిగుసుకుపోతుంది. పార్కిన్ అని తేలితే అందులో కాస్త ఊరట కూడా ఉంది: జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, జ్ఞాపకశక్తి చాలావరకు నిలుస్తుంది, పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా తక్కువ డోసుకే బాగా పనిచేస్తుంది. కాకపోతే ఆ మందు వల్ల ఒళ్లు దానంతటది మెలికలు తిరిగే బాధ త్వరగా మొదలవుతుంది, అందుకే డోసు పెంచే ముందు డాక్టర్‌కి ఈ సంగతి తెలియాలి.

60 దాటాక వచ్చిందా, టెస్ట్‌లో ఏమీ దొరక్కపోవడమే ఎక్కువ. దొరికితే సాధారణంగా జీబీఏ అనే జన్యువులో మార్పు, లేదంటే ఎల్ఆర్ఆర్‌కే2 అనే జన్యువులో. జీబీఏ మార్పు ఉంటే జబ్బు కొన్నేళ్లు ముందే మొదలవుతుంది, మతిమరుపు ముప్పూ పెరుగుతుంది. ఎల్ఆర్ఆర్‌కే2 మార్పు ఉన్నా జీవితాంతం ఏమీ రానివాళ్లు చాలామంది. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి జబ్బు ఉంటేనో, కొత్త మందుల ట్రయల్‌లో చేరాలనుకుంటేనో చేయించుకోండి, లేకపోతే తొందర లేదు.

ఏ టెస్ట్ అన్నది ఇంకా ముఖ్యం. ఉమ్మి పంపి చేయించుకునే కొన్ని కిట్లు రెండు మూడు మార్పులే చూస్తాయి, అందులో ఏమీ లేదని వస్తే ధీమాగా ఉండటానికి లేదు. పార్కిన్‌లో జన్యువు ముక్కకి ముక్కే ఎగిరిపోవడం మామూలు, జన్యువులోని ఒక్కో అక్షరంలో తేడాలు మాత్రమే చదివే టెస్ట్‌కి అది దొరక్కపోవచ్చు. సినూక్లిన్ జన్యువు సంగతీ అంతే, అక్కడ కాపీలు ఎక్కువయ్యేకొద్దీ జబ్బు ఇంకా చిన్న వయసులో, ఇంకా తీవ్రంగా వస్తుంది. "డిలీషన్లు (ముక్కలు ఎగిరిపోవడం), డూప్లికేషన్లు (కాపీలు ఎక్కువవడం) కూడా చూస్తారా?" అని ల్యాబ్‌ని అడిగి తీరాలి.

ఇక ఏ లక్షణమూ లేని పిల్లలు. జబ్బు రాకుండా ఆపే మందు ఇంతవరకూ లేదు, కాబట్టి ఇప్పుడే టెస్ట్ చేయించి లాభం లేదు. వాళ్లు పెద్దయ్యాక, తమకే తెలుసుకోవాలనిపిస్తే, జెనెటిక్ కౌన్సెలర్‌తో (జన్యు పరీక్షల గురించి వివరించి సలహా ఇచ్చే నిపుణులతో) మాట్లాడాకే చేయించుకోవాలి, అప్పుడైనా ఇంట్లో జబ్బు ఉన్న మనిషిలో దొరికిన మార్పు కోసమే వెతకాలి.