జ్ఞానస్నాన పుస్తకం అంచుల్లో దొరికిన చిన్నతాత

విచారణ పుస్తకాలు, అంటే ఒక్కో కతోలిక చర్చి పరిధిలో గురువులు (ఫాదర్లు) రాసే జ్ఞానస్నానాల (బాప్తిస్మాల), పెళ్లిళ్ల పుస్తకాలు తిరగేసి వంశవృక్షం గీసుకునే పని మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఈ పుస్తకాల్లో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానంలో బిడ్డకు బాధ్యులుగా నిలబడే జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పేర్లు ఉంటాయని కతోలిక కుటుంబాల్లో తెలియనివారు లేరు. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గళ్లన్నీ అయిపోయాక పేజీ పక్కన రెండు వేళ్ల వెడల్పు ఖాళీ జాగా మిగులుతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది ఆ జాగాయే. దాన్ని చూడకుండా పుస్తకం మూసేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ జాగాకు విలువ వచ్చింది 1908లో. ‘నే తెమెరే’ అనే రోము శాసనం ఆ ఏడాది ఈస్టరు పండుగ నుంచి అమలైంది. పెళ్లి ఏ ఊళ్లో జరిగినా సరే, అక్కడి గురువు ఆ సంగతిని వధూవరులు జ్ఞానస్నానం పొందిన విచారణకు తెలియజేయాలి. అక్కడి గురువు పాత పుస్తకం తీసి, వాళ్ల పేరు పక్కన పెళ్లి వివరం ఎక్కించాలి. ఒకసారి పెళ్లయిన మనిషి మరో ఊరు వెళ్లి ఆ సంగతి దాచి మళ్లీ చేసుకోకుండా పెట్టిన కట్టుబాటు అది. 1917 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం భద్రమైన అభ్యంగనాన్ని (కన్ఫర్మేషన్ సంస్కారాన్ని), సన్యాస వ్రతాలను కూడా అక్కడే రాయమంది. అంటే, ఊరు విడిచి వెళ్లినవాళ్ల కబురు వాళ్లు పుట్టిన ఊరికే తిరిగి వస్తుంది. మనుషులను వెతికేవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

మా తాతయ్యకు ఒక తమ్ముడు ఉండేవాడు. యవ్వనంలోనే కలరాతో పోయాడని ఇంట్లో అందరూ చెప్పేవారు. మాది గుంటూరుకు పడమర ఊరు. అప్పట్లో ఆ విచారణలు మద్రాసు అగ్రపీఠం (ఆర్చిబిషపు పరిధి) కింద ఉండేవి; మిల్‌హిల్ అనే ఇంగ్లండు మిషనరీ సభ గురువులు నడిపేవారు. మా చిన్నతాత జ్ఞానస్నానం 1911లో జరిగింది. ఆ వరుస నేను అంతకుముందే చూసి రాసుకున్నాను కూడా. తరువాత పుస్తకాన్ని కిటికీ దగ్గరకు తెచ్చి, మా ఇంటిపేరు వాళ్ల అంచులన్నీ ఒక్కొక్కటిగా చదవడం మొదలుపెట్టాను. గళ్లలోని సిరా గోధుమరంగుకు తిరిగింది. చిన్నతాత వరుస పక్కన మాత్రం ఊదారంగు సిరాతో, వేరే చేతిరాతతో, పేజీని అడ్డంగా తిప్పితేగానీ చదవలేని మూడు పొట్టి వరుసలు ఉన్నాయి. లాటిన్‌లో ‘మాత్రిమోనియుం కొంత్రాక్సిత్’, అంటే పెళ్లాడాడు. ఒక ఆడపేరు. 1934. చివరి మాట ‘హుబ్లీ’.

కలరాతో పోయాడన్న మనిషికి 1934లో పెళ్లి!

హుబ్లీ అని చదవగానే సగం విషయం అర్థమైంది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే మీటరుగేజీ మార్గం గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, నంద్యాల, గుంతకల్లు మీదుగా హుబ్లీ వరకు పోయేది. అక్కడే రైల్వే వర్క్‌షాపు. తెలుగు పనివాళ్లు చాలామంది అక్కడికి వలస వెళ్లారు. ఈయన కూడా మా ఊరికి దగ్గర స్టేషనులో ఎక్కి వర్క్‌షాపు ఊళ్లో దిగాడన్నమాట. హుబ్లీ అప్పుడు పూనా మేత్రాసనంలో (బిషపు పరిధిలో) ఉండేది. అక్కడ ఒక గురువు ఉత్తరం రాశారు, ఇక్కడ ఒక గురువు దాన్ని చదివి పుస్తకం తీశారు. ఇద్దరికీ మేము ఎవరమో తెలియదు. ఆ ఇద్దరికీ ఈ జన్మలో రుణం తీర్చుకోలేను.

హుబ్లీ విచారణకు జాబు రాశాను. చాలా రోజుల తరువాత పెళ్లి పుస్తకం నకలు వచ్చింది. వధువు తండ్రి పేరు, సాక్షుల పేర్లు, వరుడి ఊరుగా మా ఊరి పేరు అన్నీ ఉన్నాయి. ఆమెది బళ్లారి వైపు కుటుంబం. దాని వెంట పెద్ద కొడుకు జ్ఞానస్నానం వరుస కూడా పంపారు. జ్ఞానతండ్రి గడిలో ఉన్నది మా తాతయ్య పేరు. ఆయన తండ్రి పేరు, ఊరి పేరుతో సహా, అనుమానానికి తావు లేకుండా.

మొదట ఆనందంతో, తాతయ్య హుబ్లీ వెళ్లి తమ్ముడి బిడ్డను ఎత్తుకున్నాడని బంధువులందరికీ చెప్పాను. నకలులో పేరు పక్కనే ‘పెర్ ప్రొకురాతోరెం’ అని చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి. ఆయన తరఫున మరొకరు నిలబడ్డారని దాని అర్థం. కాబట్టి తాతయ్య ప్రయాణం చేశాడనడానికి ఆధారం లేదు. కానీ జ్ఞానతండ్రిగా ఉండటానికి ఆయన సమ్మతి కావాలి; సమ్మతి రావాలంటే ఉత్తరం నడవాలి. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఊళ్లో మాత్రం కలరా అని చెప్పుకున్నారు. ఎవరి ఇంటి పిల్లను చేసుకున్నాడన్న గొడవే కారణమై ఉంటుందని నేను అనుకుంటున్నాను. చిన్నతాత మనవరాలు ఫోనులో మా తాతయ్యను ‘గుంటూరు పెద్దతాత’ అంది. మా ఇంట్లో చచ్చిపోయినవాడికి అక్కడ పిల్లలు, మనవలు, ముని మనవలు.

ఇదే పనికి ప్రభుత్వ రికార్డులు కూడా చూశాను. మద్రాసు రాష్ట్రంలో 1899 చట్టం కింద పల్లెల్లో జనన మరణాల పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. నేను చూసిన జనన వరుసల్లో తండ్రి పేరు, ఊరు, మగ లేదా ఆడ అని ఉంది. బిడ్డ పేరు లేదు. ఒకే పేరున్న తండ్రులు నలుగురున్న ఊళ్లో ఇక ఏం పోల్చుకోగలం? 1984లో మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాక కాగితాలు ఎటు చేరాయన్నది ఊరికో కథ. ఒక కార్యాలయంలో అయితే పేరు, తేదీ ముందే చెబితేనే వెతుకుతామన్నారు. అవే తెలిస్తే నేను అంత దూరం వెళ్లడమెందుకు? కలరా సంగతి తేల్చుకుందామన్నా దారి లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఎవరికి ఇచ్చే మరణ నకలులోనైనా మరణ కారణం చూపకూడదు.

అలాగని అంచులను ఆకాశానికి ఎత్తేయలేను. 1908కి ముందే పెళ్లయిన మా ముత్తాతల పక్కన ఒక్క అక్షరమూ లేదు. పెళ్లి చేసిన గురువు కబురు పంపకపోతే ఆ జాగా ఖాళీగానే ఉంటుంది. ఖాళీ జాగాను చూసి పెళ్లి కాలేదని తీర్మానించడానికి వీల్లేదు. చావు కబురు అక్కడ రాసి తీరాలన్న నియమం లేదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది మరొకటి. ఒక విచారణలో పాత పుస్తకానికి కొత్త బైండింగు చేయించారు. బైండరు అంచులను సమంగా, నున్నగా కోసేశాడు. మా నాయనమ్మ అక్క పేరు పక్కన ‘కొంత్రా’ వరకే మిగిలింది. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరితో అన్నది చెత్తబుట్టలోకి పోయింది. శ్రద్ధతో చేయించిన పనే అది, అందుకే మరీ కడుపు మండుతుంది. మేత్రాసనానికి పంపిన నకలులో చూద్దామన్నా లాభం లేదు. 1917 చట్టం ప్రకారం ఏటా ఒక నకలు పంపేవారు. అది ఆ ఏడాది చివర రాసింది. ఇరవై ఏళ్ల తరువాత అంచులో చేరిన మాట అందులో ఎలా ఉంటుంది?

మా అమ్మవైపు వారు ఒంగోలు బాప్టిస్టులు. వాళ్ల దగ్గర ఈ ఉపాయం పనిచేయదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంఘం అది. పెద్దయ్యాక నమ్మి తీసుకునే బాప్తిస్మం కాబట్టి ఆ తేదీ పుట్టుకను చెప్పదు. అక్కడ సంఘ సభ్యుల జాబితాలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి.

మరి అందరినీ వెళ్లి చూడమంటానా? మా బంధువుల్లో ఒకరు గురువు కాబట్టి పుస్తకాల గది తలుపులు నాకు సులువుగా తెరుచుకున్నాయి, ఉద్యోగ విరమణ తరువాత తీరికా ఉంది. లాటిన్ చదువు పెద్దగా అక్కరలేదు. తిరిగి తిరిగి వచ్చేవి కొద్ది మాటలే. శౌరి అనే మనిషి పుస్తకంలో క్సవేరియుస్‌గా ఉంటాడని, రాయప్ప పేత్రుస్‌గా ఉంటాడని తెలిస్తే సగం పని అయినట్టే. కానీ ఒక మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. అందుచేత పుస్తకంలో పేరు బయటపడటమే కొన్ని కుటుంబాలకు భయం. మీ వరుస ఫోటో తీసేటప్పుడు పైన, కింద ఉన్నవాళ్లవి కూడా వస్తాయి. వాటిని కప్పి తీయండి, ఎవరికీ పంపకండి.

వెళ్లలేనివాళ్లు గురువుగారికి జాబు రాసేటప్పుడు టైపు చేసిన జ్ఞానస్నాన సర్టిఫికెట్టుతో సరిపెట్టుకోకండి. చిన్నతాతకే మా బంధువు ఒకాయన ఎప్పుడో తీయించిన సర్టిఫికెట్టు మా ఇంట్లో ఉంది. అందులో గమనికల గడి ఖాళీ. మీ వరుసను అడ్డంగా, కుట్టు దగ్గర నుంచి అంచు చివరి దాకా ఫోటో తీసి పంపమని అడగండి.