వంటింటి సింకుకు పుల్-అవుట్ కుళాయి: ఆరు నెలల వాడకం తరువాత

పాత కుళాయి మెడ దగ్గర కారడం మొదలయ్యాక, తలను గొట్టంతో సహా బయటికి లాగి గిన్నెల మీదికి తిప్పుకోగల పుల్-అవుట్ కుళాయిని తెచ్చి బిగించుకున్నాము.

కొనేటప్పుడు అందరూ మెరుపు చూస్తారు, చూడవలసినది నీటి ఒత్తిడి. పది మీటర్ల ఎత్తున ఉన్న నీరు సుమారు 1 బార్ ఒత్తిడినిస్తుంది. మాది పై అంతస్తు కావడం, ట్యాంకు కుళాయికి నాలుగు మీటర్ల ఎత్తులోనే ఉండడం వల్ల మాకు 0.4 బార్ కూడా దక్కదు. అందుచేత జల్లు ధార అట్టపెట్టె మీది బొమ్మలో ఉన్నంత జోరుగా లేదు, మామూలు ధార మాత్రం అంట్లకు చాలుతుంది. కింది అంతస్తులవారికి ఈ చిక్కు అంతగా ఉండదు.

బిగింపులో మొదటి అవరోధం గ్రానైట్. కుళాయికి 35 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, మా పాతది అంతకంటే ఇరుకు కనుక ప్లంబరు చేత పెద్దది చేయించాము. దుమ్ము వంటిల్లంతా పరచుకుంది. మాకు వేడినీటి లైను లేదు కాబట్టి కుళాయికి ఉన్న వేడినీటి గొట్టం చివర ప్లగ్గు బిగించవలసి వచ్చింది, లేకుంటే మీటను అటు తిప్పినప్పుడు చన్నీరే వెనక్కి పారి అల్మరా తడిసిపోతుంది. గొట్టాన్ని తిరిగి లోపలికి లాగే బరువు సింకు కింద చెత్తబుట్టకు తగిలి ఆగిపోతోంది. బుట్టను పక్కకు జరిపాక తల చక్కగా కూర్చుంటోంది.

బోరునీటి సున్నం నెలకే జల్లు రంధ్రాలను పూడుస్తోంది. అవి మెత్తని రబ్బరువి కావడంతో బొటనవేలితో రుద్దితే రాలిపోతోంది.