పూర్ణా మార్కెట్ సందులో సైకిల్ రిపేరు: నాలుగు స్టార్లు

బోర్డు కూడా లేని షాపు ఇది. నేను ఫ్యాక్టరీలో ఫిట్టర్ని, నా బండి మీద ఇంకొకరు పనిచేస్తుంటే దూరంగా ఉండలేను. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను.

భీమిలి రోడ్డులో రోజూ తొక్కే సైకిళ్లకు ఉప్పుగాలి జబ్బు తప్పదు. పెడల్ వేస్తే కటకట, క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) పట్టుకుని ఊపితే లూజు. ఒక పెద్ద షోరూంలో సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఇక్కడి పెద్దాయన విప్పి చూసి, "ఏటి బాబూ, సముద్రంలోంచి లాక్కొచ్చేరా?" అన్నాడు. బేరింగును సుత్తితో కొట్టకుండా పుల్లరుతో లాగాడు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. వెర్నియర్‌తో కొలిచి, పక్కనున్న మోటార్ స్పేర్ల కొట్టు నుంచి అదే సైజు సీల్డ్ బేరింగు తెప్పించాడు. మిక్సీలో వేసేదో, ఫ్యాన్లో వేసేదో మరి!

కొలత కుదిరితే చాలదా? స్కాట్లండ్ సైక్లిస్టు గ్రేమ్ ఓబ్రీ సొంతంగా కట్టుకున్న బండిలో వాషింగ్ మెషీన్ బేరింగులే ఉండేవి. కాళ్లు దగ్గరగా తిరగాలని క్రాంకుల మధ్య దూరం బాగా తగ్గించుకున్నాడు. 1993లో నార్వేలోని హామర్ ట్రాకు మీద, దానికి నకలుగా వేరేవాళ్లు చేసిచ్చిన బండితో గంట రికార్డుకి (గంటలో ఎంత దూరం తొక్కగలరన్న రికార్డుకి) ప్రయత్నించి తప్పాడు. మర్నాడే, జులై 17న, తన పాత బండెక్కి 51.596 కిలోమీటర్లు తొక్కి ఇటలీ సైక్లిస్టు మోజర్ తొమ్మిదేళ్ల రికార్డు కొట్టేశాడు. ఆరు రోజులకే ఇంగ్లండ్ సైక్లిస్టు బోర్డ్‌మన్ దాన్ని పట్టుకుపోయాడు, అది వేరే సంగతి. 1994 ఏప్రిల్‌లో 52.713తో ఓబ్రీ మళ్లీ లాక్కున్నాడు. చేతులు ఛాతీ కింద ముడిచే అతని పోజును యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) నిషేధిస్తే, చేతులు ముందుకు చాచే ఇంకో పోజు కనిపెట్టి 1995లో బొగోటాలో ప్రపంచ పర్సూట్ (ట్రాకు మీద ఎదురెదురు వైపుల నుంచి మొదలెట్టి ఒకరినొకరు తరిమే పందెం) టైటిల్ గెలిచాడు. అలాంటివాడంటే నాకు పిచ్చి.

ఇదంతా చెప్తే పెద్దాయన అడిగింది ఒక్కటే: "వాషింగ్ మెషీన్‌దంటే ఏ నంబరు బేరింగు?"

బేరింగుతో కలిపి 380 రూపాయలు. బిల్లు ఇవ్వడు. సాయంత్రం ఇస్తానన్న బండి మర్నాడు సాయంత్రం ఇచ్చాడు, అందుకే ఒక స్టారు కోత. రుషికొండ ఎత్తులో నిలబడి తొక్కినా ఇప్పుడు చప్పుడు లేదు. చెయిన్‌కి గ్రీజు పూయొద్దని మాత్రం ముందే చెప్పండి. చెప్పకపోతే పూసేస్తాడు, బీచ్ ఇసుకంతా దానికే అంటుకుంటుంది.