ఉమ్మి కిట్టా, డాక్టరు రాసే జన్యు టెస్టా: ఏది నమ్మొచ్చు?

"ఇంట్లో చేసుకున్న డీఎన్‌ఏ టెస్టులో బీఆర్‌సీఏ లేదని వచ్చింది, ఇక మామోగ్రామ్ మానేయొచ్చా?" ఇప్పటికి చాలామంది అడిగారు. బీఆర్‌సీఏ అంటే రెండు జన్యువులు, వాటిలో చెడు మార్పుంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది; మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే. మానొద్దు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కానే కావు. అది అలా ఉంచినా, ఆ "లేదు" ఎంతవరకు లేదు?

ఇంటి నుంచి ఉమ్మి పంపే కిట్ చవక, సులువు. క్లినిక్ టెస్టుకి ఖర్చు, కౌన్సెలింగ్, నిరీక్షణ. ఇవి తెలిసినవే. నన్నడిగితే తేడా అంతా ఆ "లేదు" దగ్గరే ఉంది. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతితో 23అండ్‌మీ అనే కిట్ కంపెనీ ఇచ్చిన బీఆర్‌సీఏ రిపోర్టు చూసింది మూడంటే మూడు మార్పులు, అవీ అష్కెనాజీ యూదుల్లో (తూర్పు, మధ్య యూరప్ మూలాలున్నవాళ్లలో) ఎక్కువగా కనిపించేవి. తెలిసినవి వెయ్యికి పైనే. 2023లో 44 దాకా పెంచారు, సంతోషం. అయినా కొన్ని గుమ్మాల్లో తొంగిచూసి ఊళ్లో మనిషే లేడన్నట్టుంది వ్యవహారం. రిపోర్టులో ఆ సంగతి రాసే ఉంటుంది. పైన "కనబడలేదు" చూశాక కిందికి ఎవరు చదువుతారు?

క్లినిక్ టెస్టు ఆ జన్యువుల్ని అక్షరం అక్షరం చదువుతుంది, ముక్కలు ఎగిరిపోయాయేమో కూడా చూస్తుంది. దానికీ ఓ చికాకుంది: మంచిదో చెడ్డదో తేలని మార్పు బయటపడితే నెత్తిన బరువే.

"ఉంది" అన్నప్పుడూ కిట్ వాడే డీఎన్‌ఏ చిప్‌ది తడబాటే. అది చాలామంది నమూనాల రంగుల మెరుపుల్ని గుంపులుగా విడదీసి, ఎవరికే అక్షరముందో చదువుతుంది. అరుదైన మార్పుకి గుంపెక్కడిది? పక్కకి జరిగిన ఒక్క చుక్క నిజమో పొరపాటో దానికి తెలియదు. 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, లక్షలో ఒకరికన్నా అరుదైన మార్పుల విషయంలో చిప్ "ఉంది" అన్నవాటిలో 84 శాతం తప్పు. తరచూ కనిపించే మార్పుల్లో మాత్రం భేషుగ్గా పనిచేసింది. అయినా నా భయం దీని గురించి కాదు. "ఉంది" అని వస్తే ఆపరేషన్‌కి ముందు ఏ డాక్టరైనా మళ్లీ టెస్టు చేయిస్తారు. "లేదు" అని వస్తే మళ్లీ చూసేదెవరు?

కిట్ ముడి డేటాని వేరే సైట్లలో ఎక్కించి జబ్బులు వెతకడం మూడో దారి. 2018లో ఒక ల్యాబ్ సరిచూస్తే అలాంటి మార్పుల్లో 40 శాతం అసలు లేనే లేవు. వదిలేయండి.

ఇంట్లో క్యాన్సర్ వచ్చినవాళ్లుంటే నా ఓటు క్లినిక్‌కే, అదీ మీకు కాదు, ముందు వాళ్లకి. వాళ్లలో మార్పు దొరికితే మీలో సరిగ్గా ఆ ఒక్కదాన్నే వెతుకుతారు. అప్పుడు "లేదు" అంటే ఆ మార్పు మీకు రాలేదనే.