స్పానిష్ 2, స్పానిష్ 3: హైస్కూల్ క్లాసులో నిజంగా ఎంత వస్తుంది?

అమెరికాలో హైస్కూల్ చదివే మన పిల్లల్లో చాలామంది విదేశీ భాష అనగానే స్పానిష్ తీసుకుంటారు. రెండేళ్ళు చదివి, కాలేజీ అప్లికేషన్‌కి కావలసింది అయిపోయిందని ఆపేస్తారు. నేను ఆపకుండా స్పానిష్ 3 కూడా పూర్తి చేశాను. ఇప్పుడు కాలేజీలో ఆ భాష మాట్లాడే రూమ్‌మేట్లతో ఉంటున్నాను. కాబట్టి ఆ క్లాసుల్లో ఏది నిలిచిందో, ఏది పరీక్షతోనే పోయిందో ఇప్పుడు కాస్త స్పష్టంగా తెలుస్తోంది. ముందే చెప్పేస్తా: వ్యాకరణం బాగా నేర్పిస్తారు. వినడం, మాట్లాడడం దాదాపు మన మీదే వదిలేస్తారు. ఇంకో విషయం ఏ టీచరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళకి తెలిసే అవకాశం లేదు. తెలుగు వచ్చినవాళ్ళు ఈ క్లాసులో ఇంగ్లీషు మీదుగా ఆలోచించడం మానేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

స్పానిష్ 1లో వచ్చేది పలకరింపులు, రంగులు, కుటుంబం, వర్తమాన కాలం. అది సరదాగా గడిచిపోతుంది. స్పానిష్ 2 మొదలయ్యాక క్లాసు రంగు మారుతుంది. భూతకాలం రెండు రకాలుగా వస్తుంది: ఒకటి ప్రెటెరిట్ (జరిగి ముగిసిన పని), ఇంకోటి ఇంపర్ఫెక్ట్ (అప్పట్లో జరుగుతూ ఉన్నది, అలవాటుగా జరిగేది). ముందు ఒకదాని పట్టికలు బట్టీ పట్టిస్తారు, తర్వాత రెండోదాని పట్టికలు. ఆ తర్వాత ఒక పేరా ఇచ్చి ఏ ఖాళీలో ఏది వస్తుందో రాయమంటారు. క్లాసులో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంగ్లీషులో 'వెంట్' అన్న ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది కాబట్టి, ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలకి ఆ తేడా కొత్తగా పుట్టించుకోవాల్సి వస్తుంది. అందుకే గోడ మీద పోస్టర్లు, పొడి అక్షరాల చిట్కాలు, 'తరచు జరిగితే ఇది, ఒకసారి జరిగితే అది' అనే జాబితాలు.

మనకి ఆ జాబితాలు అక్కర్లేదు. 'చిన్నప్పుడు ప్రతి ఆదివారం లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి' అంటే ఇబా. 'నిన్న లైబ్రరీకి వెళ్ళాను' అంటే ఫుయి. 'చదువుతుంటే ఫోన్ మోగింది' అన్నప్పుడు చదవడం ఇంపర్ఫెక్ట్, మోగడం ప్రెటెరిట్. 'ఆ ఇల్లు చిన్నగా ఉండేది' అంటే ఎరా. ఈ తేడాలన్నీ తెలుగు మాట్లాడేటప్పుడు ఆలోచించకుండానే చేస్తున్నాం. పుస్తకంలో తికమక పెట్టే ఉదాహరణలు కూడా చాలావరకు ఇలాగే తేలిపోతాయి. 'అక్కడ రెండేళ్ళు ఉన్నాం' అన్నది చాలాకాలం జరిగిన పని కదా అని క్లాసులో సగం మంది ఇంపర్ఫెక్ట్ రాస్తారు. తెలుగులో చూసుకుంటే అది 'ఉండేవాళ్ళం' కాదు, 'ఉన్నాం'. మొదలూ చివరా తెలిసిన కాలం కాబట్టి స్పానిష్‌లోనూ ప్రెటెరిటే. 'తెలుసు' అనే క్రియ రెండు భూతకాలాల్లో రెండు అర్థాలిస్తుందని ప్రత్యేకంగా ఒక పాఠం ఉంటుంది. 'నాకు అప్పటికే తెలుసు' అంటే సబీయా, 'అప్పుడే తెలిసింది' అంటే సూపె. తెలుగువాడికి అందులో పాఠం ఏముంది?

ఒక్క చోట మాత్రం ఈ దారి ఆగిపోతుంది. 'అప్పుడు నాకు పదేళ్ళు', 'అప్పుడు టైం ఆరు' లాంటి వాక్యాల్లో తెలుగులో క్రియే ఉండదు. స్పానిష్‌లో ఉంటుంది, అది మామూలుగా ఇంపర్ఫెక్టే. దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే. ఇక ప్రెటెరిట్ రూపాల్లో సగం వింత వేషాలు వేస్తాయి: తువె, పుసె, దిహె, ఇసె. వాటిని ఏ భాషా తప్పించలేదు, బట్టీ ఒక్కటే మార్గం. సెర్ అనే 'ఉండు' క్రియకీ 'వెళ్ళు'కీ ప్రెటెరిట్‌లో ఒకే రూపాలు ఉండడం మొదట్లో చిరాకు పెడుతుంది కానీ, వాక్యంలో పడ్డాక ఎవరూ పొరబడరు.

'నచ్చడం' అనే అర్థమిచ్చే క్రియ గుస్తార్ గురించి విడిగా చెప్పాలి. స్పానిష్ 1లోనే పరిచయమైనా దాని అసలు రూపం 2లో బయటపడుతుంది. 'మె గుస్తా' అంటే నచ్చే వస్తువు కర్త, నచ్చిన మనిషికి చతుర్థి. ఇంగ్లీషు పిల్లలకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. టీచర్లు బాణాలు గీసి, వాక్యాన్ని తిరగేసి చూపిస్తారు. మనకి 'నాకు పుస్తకం నచ్చింది, నాకు పుస్తకాలు నచ్చాయి'. అక్కడ 'మె గుస్తా ఎల్ లిబ్రో, మె గుస్తాన్ లోస్ లిబ్రోస్'. క్రియ మారే తీరు కూడా అదే. తలనొప్పి, ఆసక్తి, తక్కువపడడం, బాగా నచ్చేయడం లాంటి క్రియలన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి ఆ యూనిట్ మొత్తం మనకి తేలిక. ఇంగ్లీషు మీదుగా వెళ్ళిన తెలుగు పిల్లలు అక్కడే 'యో గుస్తో' అని రాసి ఎర్ర సిరా తెచ్చుకుంటుంటే చూడడం కాస్త బాధే.

ఇంగ్లీషు 'టు బి'కి స్పానిష్‌లో ఉన్న రెండు క్రియలు సెర్, ఎస్తార్‌ల గొడవ కూడా కొంతవరకు ఇంతే. 'ఆయన డాక్టర్' అన్నప్పుడు తెలుగులో క్రియ రాదు, అక్కడ సెర్. 'ఆయన ఇంట్లో ఉన్నాడు', 'కాఫీ వేడిగా ఉంది' అన్నప్పుడు 'ఉండు' వస్తుంది, అక్కడ ఎస్తార్. వంద శాతం సరిపోదు, 'బాగుంది' లాంటి మాటల దగ్గర జారుతుంది. అయినా 'తాత్కాలికమైతే ఎస్తార్' అని క్లాసులో చెప్పే సూత్రం కంటే ఇది ఎక్కువసార్లు నిలబడింది. ఆ సూత్రం ప్రకారం చనిపోయిన మనిషికి ఎస్తార్ ఎందుకో ఎవరూ చెప్పలేరు. తెలుగులో 'చనిపోయి ఉన్నాడు' అనుకుంటే సరి. మనుషులు కర్మగా వచ్చినప్పుడు ముందు 'ఆ' అనే స్పానిష్ మాట పెట్టాలన్న నియమమూ అంతే. 'మరియాని చూశాను' అంటాం, 'పుస్తకం చూశాను' అంటాం. మనిషికి 'ని' తప్పదు, వస్తువుకి వదిలేయొచ్చు.

తెలుగు దెబ్బతీసే చోట్లు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది కర్మ సర్వనామాలు. 'పుస్తకం ఇచ్చావా?' అని అడిగితే మనం 'ఆఁ, ఇచ్చాను' అంటాం. ఏది, ఎవరికి అన్నది చెప్పం. స్పానిష్‌లో 'సె లో ది' అనాలి. 'అతనికి', 'దాన్ని' రెండూ క్రియ ముందు నిలబడాలి. పైగా 'లె లో' రాకూడదని మొదటిది 'సె' అయిపోతుంది. స్పానిష్ 2 చివర్లో ఒక రెండు వారాలు దీన్ని తోమి, పరీక్ష పెట్టి, మళ్ళీ ముట్టుకోరు. మాట్లాడేటప్పుడు మాత్రం ప్రతి మూడో వాక్యంలో ఇదే కావాలి. నాకు ఇప్పటికీ నోరు తడబడేది ఇక్కడే, రూమ్‌మేట్లు సరిదిద్దేదీ ఇదే. సిలబస్‌లో ఒక్క మార్పు చేయమంటే, జంతువుల పేర్లూ ప్రయాణ సామాన్ల పేర్లూ సగానికి కోసి ఆ టైం దీనికి ఇస్తాను.

వస్తువులకి లింగం సంగతి అందరికీ తెలిసిందే. ఆకారాంతం అయితే స్త్రీలింగం అని నేర్పించి, ఆ వెంటనే ఎల్ మాపా, ఎల్ ప్రోబ్లేమా, ఎల్ దీయా అని మినహాయింపులు ఇస్తారు. చెయ్యి మాత్రం ఓకారాంతమై కూడా లా మానో. ఆర్టికల్‌తో కలిపి నేర్చుకోవడమే దారి. పోర్, పారా అనే రెండు విభక్తి లాంటి మాటల దగ్గర తెలుగు 'కోసం' కొంచెమే సాయం చేస్తుంది. వాటిని పట్టికలుగా కాకుండా వాక్యాలుగా చదివినవాళ్ళకే వచ్చాయి.

స్పానిష్ 3 అంటే సబ్జంక్టివ్. కోరిక, అనుమానం, భావోద్వేగం వచ్చిన ప్రతి చోటా క్రియ అచ్చు మార్చుకుంటుంది. 'కియెరో కె బెంగాస్' అంటే 'నువ్వు రావాలని నా కోరిక'. మన 'రావాలి' రూపం కోరికల వరకు దారి చూపిస్తుంది. అనుమానం దగ్గరికి వచ్చేసరికి చూపించదు. ఈ భాగాన్ని మా టీచర్ నేర్పిన పద్ధతి నాకు నచ్చింది. ముందు ఆజ్ఞార్థకాలు చెప్పారు. 'రావద్దు' అనడానికి వాడే రూపమే సబ్జంక్టివ్ అని అలవాటు చేసి, ఆ తర్వాతే పేరు పెట్టారు. పేరు వినేసరికి రూపాలు నోటికి వచ్చేసి ఉన్నాయి. వేరే సెక్షన్‌లో పేరుతో, పెద్ద పట్టికతో మొదలుపెట్టారు. అక్కడి పిల్లలు ఏడాది చివరిదాకా ఆ పేరు వింటేనే మొహం ముడుచుకునేవాళ్ళు.

ఉచ్చారణలో మనకి ముందే సగం పని అయిపోయి ఉంటుంది. స్పానిష్ త, ద, ప, క దాదాపు మన త, ద, ప, కలే. అమెరికన్ పిల్లలు ట, డ వైపు లాగుతారు. రాతలో వి, బి వేరైనా పలకడం ఒకటే. పెరో (కానీ), పెర్రో (కుక్క) తేడా మాత్రం కాస్త సాధన అడుగుతుంది. గౌరవ వాచకాలకి తు అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు అనుకుంటే చాలు. కాకపోతే ఉస్తెద్‌కి క్రియ 'ఆయన'కి వచ్చినట్టు వస్తుంది. స్పెయిన్‌లో వాడే బొసోత్రోస్ (చనువుగా 'మీరంతా') రూపాల్ని మా క్లాసులో చూసి గుర్తుపడితే చాలన్నారు. అమెరికా ఖండంలో ఉస్తెదెస్ తప్ప అది వినపడదు కాబట్టి అది సరైన నిర్ణయమే. అర్జెంటీనాలో తు బదులు వినిపించే బోస్ గురించి మాత్రం ఒక్క మాటా చెప్పలేదు. కాలేజీలో మొదటిసారి విన్నప్పుడు అయోమయంగా అనిపించింది.

ఇక అసలు లోటు. పిరియడ్ 50 నిమిషాలు అనుకోండి, క్లాసులో 30 మంది. టీచర్ పూర్తిగా నోరు మూసుకుని కూర్చున్నా, ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు కూడా కాదు. జంటలుగా మాట్లాడుకోమంటే టీచర్ అటు తిరగగానే ఇంగ్లీషు మొదలవుతుంది. వినిపించే ఆడియోలు పుస్తకం వాళ్ళు తయారుచేసినవి, ప్రతి మాటా విడివిడిగా, నెమ్మదిగా ఉంటాయి. నిజం మనుషులు ఒక మాట చివరి అచ్చునీ తర్వాతి మాట మొదటి అచ్చునీ కలిపేస్తారు. సంధుల్లో పెరిగిన మనకి అది కొత్తేమీ కాకూడదు. అయినా చెవికి అలవాటు లేకపోతే ఏ గ్రేడు వచ్చినా ఒకటే.

గంటల లెక్క చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకి స్పానిష్ నేర్పడానికి 600కి పైగా క్లాసు గంటలు పెట్టుకుంటుంది. అదీ ఇంగ్లీషు వాళ్ళకి తేలికైన భాషల జాబితాలో ఉంచి. హైస్కూల్లో రోజూ 50 నిమిషాలు, ఏడాదికి 180 రోజులు అనుకున్నా 150 గంటలు. ఫైర్ డ్రిల్లులు, పరీక్షలు, సినిమా చూపించే శుక్రవారాలు తీసేయకుండానే. రెండేళ్ళకి 300. అందుకే రెండేళ్ళు చదివి 'నాకు స్పానిష్ రాలేదు' అనడం స్కూల్ మీద కొంచెం అన్యాయమైన ఫిర్యాదు.

మూడో ఏడు ఎందుకు చదవాలంటే కారణం కూడా అదే. రెండో ఏడులో నేర్చిన భూతకాలాలు, సర్వనామాలు మూడో ఏడులో కథల్లో, వ్యాసాల్లో మళ్ళీ మళ్ళీ తగిలి అప్పుడు కుదురుకుంటాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాంటి చోట రెండేళ్ళు తప్పనిసరి, మూడేళ్ళు మంచిదని రాసి ఉంటుంది. మన తల్లిదండ్రులు మొదటి సగమే చదివి, ఆ పిరియడ్‌లో ఇంకో సైన్స్ కోర్సు పెట్టించేస్తారు. వేసవి సెలవుల్లో రెండు నెలలు పుస్తకం ముట్టకపోతే ప్రెటెరిట్ సగం ఆవిరైపోతుంది, స్పానిష్ 3 మొదటి నెల దాన్ని పోగుచేసుకోవడానికే సరిపోతుంది. సెలవుల్లో రోజూ కాసేపు స్పానిష్ వార్తలో, పాడ్‌కాస్టో వింటే ఆ నెల మిగులుతుంది.

అనువాద యాప్‌తో హోంవర్క్ చేసేవాళ్ళకి ఒక మాట. స్పానిష్ 2 వ్యాసంలో సబ్జంక్టివ్ కనబడితే టీచర్‌కి ఇంకేం ఆధారం అక్కర్లేదు. అనుమానం వచ్చినప్పుడు స్పానిష్ అకాడమీ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, అందులో క్రియా రూపాల పట్టికలు కూడా ఉంటాయి. మూడో ఏడుకి వచ్చినవాళ్ళు అర్థాలు కూడా స్పానిష్‌లోనే చదువుకోగలరు.

మూడు తర్వాత ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) స్పానిష్ లాంగ్వేజ్‌కి నేరుగా వెళ్ళొచ్చా అంటే, వ్యాకరణం బలంగా ఉండి, బయట కనీసం కొంత విన్నవాళ్ళు వెళ్ళొచ్చు. అక్కడ చాలామంది ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు ఉంటారు, మొదట్లో వాళ్ళ వేగం భయపెడుతుంది. వాళ్ళకి యాసలు, నుడికారాలు తెలుసు. యాక్సెంట్ గుర్తులు, స్పెల్లింగ్ మాత్రం పట్టికలు చదివిన మనకి బాగా వస్తాయి. పక్కన కూర్చుని వాళ్ళ వ్యాసం దిద్ది పెట్టండి, బదులుగా మాట్లాడమనండి. నాకు దొరికిన ఉత్తమ మాట్లాడే గంటలు అవే, అవి ఏ సిలబస్‌లోనూ లేవు.