రైట్ క్లిక్ మెనూలో సొంత షార్ట్‌కట్: సెండ్ టు మేలా, రిజిస్ట్రీ మేలా?

చిక్కడపల్లి, కోఠి డీటీపీ సెంటర్ల వాళ్లూ గచ్చిబౌలి ఆఫీసుల వాళ్లూ పదేపదే అడిగేది ఇదే: విండోస్‌లో రైట్ క్లిక్ కొట్టగానే మనకు కావలసిన ప్రోగ్రామ్ కనబడాలంటే సెండ్ టు ఫోల్డర్‌లో (రైట్ క్లిక్ మెనూలోని సెండ్ టు జాబితా దీన్నుంచే వస్తుంది) షార్ట్‌కట్ వేసుకోవాలా, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) కీ, అంటే ఫోల్డర్ లాంటి ఎంట్రీ, రాసుకోవాలా? కరెంట్ యూజర్ కింద, అంటే రిజిస్ట్రీలో మన ఒక్క లాగిన్‌కే చెందిన భాగంలో, రాస్తే రిజిస్ట్రీకీ అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు కాబట్టి (రిజిస్ట్రీని మార్చే రెజెడిట్ ప్రోగ్రామ్‌నే కొన్ని కంపెనీలు మూసేస్తాయి, అది వేరే సంగతి) తేడా అక్కడ లేదు. ఒక్కసారికి ఎన్ని ఫైళ్లు పట్టుకుంటారన్నదే అసలు లెక్క.

పెళ్లి ఆల్బమ్ పనిలో నలభై ఫొటోలు కలిపి సెలెక్ట్ చేయడం మామూలే. రిజిస్ట్రీలో రాసిన కమాండ్ ఫైలుకోసారి విడిగా నడుస్తుంది. పది ఫొటోలైతే విండోస్ ఆ ప్రోగ్రామ్‌ను పదిసార్లు పిలుస్తుంది. 15 దాటితే మీరు పెట్టిన ఐటమ్ మెనూలోంచే మాయమవుతుంది. కీ పాడైందనుకుని చాలామంది మళ్లీ మొదటినుంచి రాస్తారు, నిజానికి పాత కీలో తప్పేమీ ఉండదు. ఆ కీలో మల్టీసెలెక్ట్‌మోడల్ (MultiSelectModel) అనే స్ట్రింగ్, అంటే అక్షరాల విలువ, చేర్చి దానికి ప్లేయర్ (Player) అని ఇస్తే హద్దు 100కి పెరుగుతుంది గానీ, ఫైలుకోసారి నడవడం మాత్రం మారదు.

సెండ్ టు ఎంచుకున్నవన్నీ ఒకేసారి ప్రోగ్రామ్‌కి అందిస్తుంది, ఐకాన్ మీదికి లాగి వదిలినట్టే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, షెల్, కోలన్, సెండ్‌టు అని ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో (shell:sendto) కొట్టండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ షార్ట్‌కట్ పడేస్తే చాలు. ప్రోగ్రామ్ బదులు బ్యాచ్ ఫైలు (కమాండ్లు వరుసగా రాసుకున్న ఫైలు) పెట్టుకుంటే కమాండ్ లైన్‌కి 8,191 అక్షరాల హద్దు ఉంది, పొడవాటి పేర్లున్న వందల ఫైళ్లకు అది చాలదు. ఇంకొకటి గట్టిగా గుర్తుంచుకోవాలి: ఫోల్డర్ షార్ట్‌కట్ పెడితే, అదే డ్రైవ్‌లోని ఫైలు కాపీ కాదు, మూవ్ అవుతుంది. కస్టమర్ ఒరిజినల్ ఉన్నచోటు నుంచి కదలకూడదంటే కంట్రోల్ నొక్కిపట్టి క్లిక్ చేయండి.

అందుకే ఫైళ్ల పనికి నా ఓటు సెండ్ టుకే. రిజిస్ట్రీ నెగ్గేది ఫోల్డర్‌లో ఖాళీ జాగా మీద క్లిక్ చేసినప్పుడు, అక్కడ సెండ్ టు రానే రాదు. ముందు రెజెడిట్ తెరిచి, కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్ కింద ఉండే క్లాసెస్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్, డైరెక్టరీ, బ్యాక్‌గ్రౌండ్, షెల్ వరుసలో వెళ్లి (లేనివి మీరే సృష్టించుకుని) మీకు నచ్చిన పేరుతో కీ, దాని లోపల కమాండ్ అనే కీ చేయండి. కమాండ్ డిఫాల్ట్ విలువలో ప్రోగ్రామ్ దారి, తర్వాత డబుల్ కోట్స్ మధ్య పర్సెంట్ గుర్తు, వి అక్షరం ("%V") రాయండి, మీరు క్లిక్ చేసిన ఫోల్డర్ దారి అక్కడ చేరుతుంది. ఫైళ్లకు వాడే పర్సెంట్ ఒకటి (%1) ఇక్కడ పనిచేయదు. కోట్స్ మరిస్తే, వెడ్డింగ్ కార్డ్స్ అనే ఫోల్డర్‌లో నొక్కినప్పుడు ప్రోగ్రామ్‌కి దారి వెడ్డింగ్ దగ్గరే తెగిపోతుంది. మీరు పేరు పెట్టిన కీలో ఎక్స్‌టెండెడ్ (Extended) అనే ఖాళీ స్ట్రింగ్ చేర్చితే, షిఫ్ట్ నొక్కినప్పుడే ఆ ఐటమ్ కనిపిస్తుంది. మెనూ ఇప్పటికే చాంతాడంత ఉన్నవాళ్లకు అది వరం.

విండోస్ 11లో సెండ్ టు, రిజిస్ట్రీ ఐటమ్‌లు రెండూ షో మోర్ ఆప్షన్స్ వెనకే దాక్కుంటాయి. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా ఆ పాత మెనూయే తెరుచుకుంటుంది.

నైల్‌సాఫ్ట్ షెల్ లాంటి ఉచిత టూల్స్ మెనూను పూర్తిగా మార్చేస్తాయి, అందంగానూ ఉంటాయి. అవి ఎక్స్‌ప్లోరర్ (ఫైళ్లూ ఫోల్డర్లూ చూపించే విండోస్ ప్రోగ్రామ్) లోపలికే ఎక్కి నడుస్తాయి, ఇన్‌స్టాల్‌కి అడ్మిన్ అనుమతీ కావాలి. ఇంటి కంప్యూటర్‌కైతే చూడొచ్చు.