కౌన్సెలింగ్‌కు వెళ్తున్నారా? మీ మాట ఎవరి చెవిన పడుతుందో ముందే అడగండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే పూర్వాపరాలు కుదించి రాస్తున్నాను. ఒక కౌన్సెలింగ్ యాప్‌లో దొరికిన సైకాలజిస్టు గురించి ఇది. అందులో మొదటి వరసలో కనిపించే సైకాలజిస్టుల్లో ఆయన ఒకరు. కొంతకాలంగా నిద్ర లేదు, పని మీద మనసు నిలవడం లేదు. అక్క తన ఫోను నంబరుతో అపాయింట్‌మెంట్ తీసుకుంది, వెళ్ళాను.

కూర్చోగానే "చెప్పండి, సమస్య ఏమిటి?" అన్నారు. మొదటి సెషన్ అలా మొదలు కాకూడదు. తన అర్హతలేమిటో, ఏ పద్ధతిలో పని చేస్తారో, ఫీజు, రద్దు నియమాలు ఏమిటో ముందు ఆయన చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నేను చెప్పేది గోప్యంగా ఉంటుందని, ఆ గోప్యతకు హద్దులు ఎక్కడున్నాయో వివరించాలి. నా ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద హింస బయటపడినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, సాధారణంగా ఇలాంటి సందర్భాల్లోనే మాట గది దాటుతుంది. ఇవన్నీ చెప్పి, నా సమ్మతి తీసుకున్నాకే కథ వినాలి. ఇందులో ఒక్కటీ జరగలేదు.

తర్వాత ఒక కాగితం నింపమన్నారు. పీహెచ్‌క్యూ-9 అంటారు, డిప్రెషన్ లక్షణాలను అంచనా వేయడానికి చాలాచోట్ల వాడే ప్రశ్నావళి. గత రెండు వారాలు ఎలా గడిచాయో 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. నాకు 14 వచ్చింది. 10 నుంచి 14 వరకు మధ్యస్థాయి కిందికి వస్తుంది. అదైనా ఆనవాలే తప్ప రోగనిర్ధారణ కాదు. ఆయన మాత్రం "తీవ్రంగానే ఉంది" అని ఫైలులో పెట్టేశారు. చనిపోతే మేలనిగానీ, తనకు తాను హాని చేసుకోవాలనిగానీ అనిపించిందా అని అడిగేది తొమ్మిదో ప్రశ్న. దానికి నేను సున్నా దగ్గర టిక్కు పెట్టాను.

ఆ వారంలోనే ఒక రాత్రి అక్క బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అడిగింది: "నాన్న పోయినప్పుడు నీకు ఏడుపు రాలేదట. హమ్మయ్య అనిపించిందట. నిజమేనా?"

ఏళ్ళ తరబడి మంచాన పడ్డ నాన్నకు సేవ చేసింది అక్క. ఆ మాట నేను నా జీవితంలో ఒక్కరికే చెప్పాను. మూసిన తలుపుల వెనక, గొంతు పెగలక ఆగి ఆగి చెప్పాను. అది అక్షరం పొల్లుపోకుండా అక్క నోట వినాల్సి వచ్చింది! పాపం, తను ఆరా తీయలేదు. తర్వాతి అపాయింట్‌మెంట్ ఖరారు చేయడానికి ఫోను చేసిన ఆయనే అడగకుండా చెప్పారట. నాకు తెలిసే చెబుతున్నారని అక్క అనుకుంది.

ఆయనకు ఫోను చేశాను. "మీ మంచి కోరే చెప్పాను. స్కోరు అంత వచ్చాక ప్రాణాపాయం అనుకోకుండా ఎలా ఉంటాను?" అన్నారు. తొమ్మిదో ప్రశ్నకు నేనేం రాశానో చూసి చెప్పమన్నాను. కాసేపు కాగితాల చప్పుడు. ఆ తర్వాత, "మీరు మరీ సున్నితంగా ఉన్నారు. దీని మీద వచ్చే సెషన్‌లో పని చేద్దాం" అన్నారు.

తన తప్పును నా జబ్బుగా మార్చేశారు! నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఈ మాటే. నిజంగా భయపడ్డారే అనుకుందాం. ముందు నన్ను సూటిగా అడగాలి. ఇంట్లోవాళ్ళకు చెప్పక తప్పకపోతే, వీలైనంతవరకు నాకు తెలిపి, రక్షణకు అవసరమైనంత వరకే చెప్పాలి. నాన్న గురించి నేనన్న మాట ఎవరి ప్రాణం కాపాడుతుంది?

ముందే కట్టించుకున్న సెషన్ల డబ్బు అడిగితే ఆయన యాప్‌వాళ్ళను అడగమంటారు, యాప్‌వాళ్ళు ఆయన్ను అడగమంటారు. డబ్బు సంగతి అలా ఉంచండి. కౌన్సెలింగ్‌లో క్లయింటుకూ కౌన్సెలర్‌కూ మధ్య బంధం గురించి 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్టు మూడు సంగతులు చెప్పారు: లక్ష్యం మీద ఒప్పందం, చేయాల్సిన పనుల మీద ఒప్పందం, ఇద్దరి మధ్య అనుబంధం. ఆ మూడోది తెగ్గొట్టి మళ్ళీ వచ్చి కూర్చోమంటే ఎలా కూర్చుంటాను? అక్కకూ నాకూ మధ్య పడ్డ బీటను ఎవరు పూడుస్తారు?

కౌన్సెలింగే వద్దని నేను అనడం లేదు. అవసరమైనవారు తప్పకుండా వెళ్ళండి. తొలి సెషన్ల తర్వాత మనసు ఇంకాస్త బరువెక్కినా కంగారు పడకండి, అది మామూలే, కౌన్సెలర్‌కు ఆ సంగతి చెప్పండి. అపాయింట్‌మెంట్ మాత్రం మీ నంబరుతోనే తీసుకోండి. నా గురించి ఎవరికి, ఎప్పుడు చెబుతారు, నోట్సు ఎవరు చూస్తారు అని మొదటి రోజే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ప్రశ్నకు విసుక్కుంటే లేచి వచ్చేయండి. సెషన్లన్నిటికీ ఒకేసారి డబ్బు కట్టకండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఆయనకు గుర్తింపు ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు పంపాను, నా ఫైలు నకలు కూడా అడిగాను. ఆయన దగ్గర ఇలాంటిదే మీకూ జరిగి ఉంటే మీరూ ఫిర్యాదు చేయండి.